పాత మ్యాపు, కొత్త మ్యాపు పక్కపక్కన పెట్టి అడవి ఎంత మారిందో తేల్చుకోవడం ఎలా: కోరంగి మడ అడవి ఉదాహరణగా

"అడవి సగానికి సగం పోయింది" అని ఒకరంటారు, "రిపోర్టులో పెరిగిందనే ఉంది కదా" అని ఇంకొకరంటారు. ఏ సంవత్సరంతో పోల్చి చెబుతున్నారు, దేన్ని చూసి చెబుతున్నారు అని అడిగితే మాత్రం చాలాసార్లు మాట అక్కడే ఆగిపోతుంది. నిజానికి ఈ లెక్క ఎవరికి వాళ్లు తేల్చుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, కొంచెం ఓపిక చాలు, డబ్బు ఖర్చు దాదాపు లేదు. ఉదాహరణకి కాకినాడ పక్కనున్న కోరంగి మడ అడవిని తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ చెట్లతో పాటు నేల కూడా కదులుతుంది, గోదావరి పాయలు మారతాయి, ఇసుక మేటలు పెరుగుతాయి, సముద్రం కోస్తుంది. అక్కడ చేయడం వస్తే నల్లమలలోనో, పాపికొండల్లోనో, మీ ఊరి వెనక గుట్ట మీదో చేయడం తేలికే.

ముందు అంకెలతో జాగ్రత్త

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదికల్లో ఆంధ్రప్రదేశ్ మడ అడవుల విస్తీర్ణం 1987లో 495 చదరపు కిలోమీటర్లు. 1989 నివేదికలో 405. రెండేళ్లలో 90 చదరపు కిలోమీటర్ల అడవి కొట్టేశారా? ఆ రెండు నివేదికలూ ఎలా తయారయ్యాయో చూస్తే సంగతి అర్థమవుతుంది. మొదటిదానికి వాడినవి 80 మీటర్ల స్పష్టత ఉన్న (అంటే చిత్రంలో ఒక చుక్క నేల మీద 80 మీటర్లు) అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ చిత్రాలు, స్కేలు 1:10,00,000, అంటే మ్యాపు మీద ఒక మిల్లీమీటరు నేల మీద ఒక కిలోమీటరు. రెండోదానికి 30 మీటర్ల చిత్రాలు, స్కేలు 1:2,50,000. పైగా 1987 నివేదికలో ఉన్న అడవి 1987 నాటిది కాదు, ఆ చిత్రాలు 1981-83 మధ్య తీసినవి. ఇలాంటి తగ్గుదలే ఇంకోటి కూడా ఉంది: 1999లో 397 ఉన్నది 2001లో 333 అయింది. సరిగ్గా 2001 నుంచే దేశం మొత్తాన్ని కంప్యూటర్ మీద, 1:50,000 స్కేలులో లెక్కించడం మొదలైంది. ఆ తర్వాత అంకె మెల్లగా పెరుగుతూ 2023 నివేదికకి 421కి వచ్చింది.

నా ఉద్దేశంలో ఆ రెండు పెద్ద తగ్గుదలల్లోనూ ఎక్కువ భాగం కొలిచే పద్ధతి మారడం వల్ల వచ్చిందే. అలా అని అడవికి ఏమీ కాలేదని కాదు, 1990లలో రొయ్యల చెరువుల కోసం మడ నేలలు తవ్వడం నిజం, అది చిత్రాల్లో కనిపిస్తుంది కూడా. చెప్పేదేంటంటే, రెండు నివేదికల్లోని రెండు అంకెలు తీసుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది అడవిలో మార్పు కాదు. ఆ మార్పు తెలియాలంటే ఒకే చోటుని రెండు కాలాల్లో, ఒకే నిర్వచనంతో మీరే గీసి చూడాలి.

నిర్వచనం అన్నాను కదా, దాన్ని ఇక్కడే తేల్చేసుకుందాం. ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారు, అంతకంటే పెద్ద జాగాలో చెట్ల నీడ 10 శాతం పైన పడితే అది అటవీ విస్తీర్ణమే, ఆ నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా. జామాయిల్ తోటా అందులోకే వస్తుంది, జీడిమామిడి తోటా వస్తుంది. రెవెన్యూ రికార్డులోనో అటవీశాఖ రికార్డులోనో ఉండే రిజర్వ్ ఫారెస్టు వేరు, అది చట్టపరమైన గీత, లోపల ఒక్క చెట్టు లేకపోయినా అది అడవే. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే, కానీ అందులో కాలవలు, బురద నేలలు, ఇసుక కూడా ఉన్నాయి కాబట్టి అదంతా మడ చెట్లని లెక్కేస్తే మొదటి అడుగులోనే తప్పు పడుతుంది. మీరు కొలిచేది చెట్లనా, హద్దునా అన్నది కాగితం మీద రాసి పెట్టుకుని అప్పుడు మొదలుపెట్టండి.

జాగా కూడా చిన్నదే తీసుకోండి. జిల్లా మొత్తం మీద వేసుకుంటే ఎప్పటికీ అవదు. పది కిలోమీటర్ల చదరం చాలు.

పాత మ్యాపులు ఎక్కడ దొరుకుతాయి

అన్నిటికంటే తేలిగ్గా దొరికేవి అమెరికా సైన్యం మ్యాప్ సర్వీస్ 1950లలో వేసిన యూ502 సిరీస్. స్కేలు 1:2,50,000. టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాటిని స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. ఉత్తరాన 16 నుంచి 20 డిగ్రీలు, తూర్పున 78 నుంచి 84 డిగ్రీల మధ్య ఉన్న నేలంతా ఎన్ఈ 44 అనే గుంపులో ఉంటుంది, అంటే తెలంగాణలో చాలా భాగం, గోదావరి జిల్లాలు, విశాఖ దాకా. వీటిలో ఊళ్ల పేర్లు పాత స్పెల్లింగుల్లో ఉండొచ్చు. కాకినాడ దొరక్కపోతే కొకనాడ అని, విజయవాడకి బెజవాడ అని, ఏలూరుకి ఎల్లోర్ అని వెతకండి.

రెండోది, అసలైనది, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే ఎత్తుపల్లాలు, ఊళ్లు, కాలవలు, అడవి అన్నీ చూపే వివరమైన మ్యాపు. నంబరు కనుక్కోవడం చాలామందికి చిక్కుగా ఉంటుంది గానీ ఒకసారి పట్టుకుంటే మళ్లీ మర్చిపోరు. దేశాన్ని నాలుగు డిగ్రీల చదరాలుగా కోసి ఒక్కోదానికి ఒక అంకె ఇచ్చారు. 16-20 ఉత్తరం, 76-80 తూర్పు 56. దాని పక్కన 80-84 తూర్పు 65. కింద 12-16 ఉత్తరంలో 57, 66. ప్రతి చదరంలోనూ ఒక్కో డిగ్రీకి ఒక అక్షరం, ఏ నుంచి పి దాకా. అక్షరాలు పక్కకి కాదు, పై నుంచి కిందికి నడుస్తాయి, ఒక నిలువు వరస అయ్యాక తర్వాతి వరస. హైదరాబాద్ 17.4 ఉత్తరం, 78.5 తూర్పు, అంటే మూడో నిలువు వరసలో మూడో గడి, 56కె. కాకినాడ 65ఎల్. ఆ ఒక్క డిగ్రీని మళ్లీ 15 నిమిషాల చొప్పున 16 ముక్కలు చేస్తే 1:50,000 షీట్లు వస్తాయి, అవీ పై నుంచి కిందికే. కోరంగి మడ అడవి 65ఎల్/1, 65ఎల్/2, 65ఎల్/5, 65ఎల్/6 షీట్ల మీద పడుతుంది. శ్రీశైలం 56ఎల్, పాపికొండలు 65జి.

తీరప్రాంతం షీట్లు చాలాకాలం బయటివాళ్లకి ఇచ్చేవాళ్లు కాదు. 2005 జాతీయ మ్యాప్ పాలసీ తర్వాత అందరికీ ఇచ్చే ఓపెన్ సిరీస్ అని వేరే పెట్టారు, వాటిని సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో రిజిస్టర్ అయి దించుకోవచ్చు. వీటి నంబర్లు కొత్తవి, పాత 65ఎల్ పద్ధతిలో ఉండవు. పాత షీట్లు కావాలంటే విశ్వవిద్యాలయాల జాగ్రఫీ, జియాలజీ విభాగాల లైబ్రరీల్లో అడగడం మంచి దారి. చిన్న లేఖ రాసుకుని వెళ్లండి, పని ఏంటో చెప్పండి.

మూడోది మ్యాపు కాదు, ఫోటో. 1960 నుంచి 1972 దాకా అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన కరోనా చిత్రాలని 1995లో బయటపెట్టారు. చివరి కెమెరాల స్పష్టత దాదాపు రెండు మీటర్లు. నలుపు తెలుపులోనే ఉంటాయి గానీ పడవ వెళ్లే కాలవ, చెరువు గట్టు, విడిగా ఉన్న చెట్ల గుంపు కూడా తెలుస్తాయి. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైటులో డీక్లాసిఫైడ్ అనే విభాగంలో వెతకండి, ఇదివరకే స్కాన్ అయినవి ఉచితం, కానివి డబ్బు కట్టి స్కాన్ చేయించుకోవాలి. నన్నడిగితే ఒక్క పాత ఆధారమే తీసుకోవాలి అంటే నేను మ్యాపు కంటే దీన్నే తీసుకుంటాను, ఎందుకంటే మ్యాపులో సర్వేయర్ చూసింది ఉంటుంది, ఫోటోలో అక్కడ ఉన్నది ఉంటుంది.

మ్యాపు అంచులు చదవకుండా లోపలికి పోవద్దు

అందరూ నేరుగా ఆకుపచ్చ రంగు దగ్గరకి పోతారు. ముందు అంచుల్లో చిన్న అక్షరాలు చూడండి. సర్వే చేసిన సంవత్సరం ఒకటి, అచ్చేసిన సంవత్సరం ఒకటి ఉంటాయి, మీకు కావల్సింది మొదటిది. యూ502 షీట్లలో చాలావాటికి ఆధారం అంతకుముందటి సర్వే ఆఫ్ ఇండియా షీట్లే, కాబట్టి 1950లలో అచ్చయిన మ్యాపులో ఇంకా పాత అడవి ఉండొచ్చు. దేని ఆధారంగా వేశారో ఆ షీటు మీదే రాసి ఉంటుంది.

తర్వాత సంకేతాల పట్టిక. సర్వే ఆఫ్ ఇండియా షీటులో ఆకుపచ్చ పూత అంటే చెట్లున్న నేల, పసుపు అంటే సాగు నేల. అడవి ఎంత దట్టమో రంగు చెప్పదు, దాని మీద రాసిన మాట చెబుతుంది: దట్టమైన మిశ్రమ అడవి అని ఒకచోట, పలచని పొద అని ఇంకోచోట ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ మాటలని వదిలేసి రంగునే గీసుకుంటే పొదలు కూడా పాత కాలపు మహారణ్యం లెక్కలోకి వచ్చేస్తాయి, అప్పుడు ఇవాళ్టి అడవి ఎంత ఉన్నా తగ్గినట్టే కనిపిస్తుంది. మడ అడవి విషయంలో ఇంకో చిక్కు: బురద నేల, చిత్తడి గుర్తు, చెట్ల గుర్తు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మూడింటినీ వేరువేరుగా రాసుకోండి.

మ్యాపుని నేల మీద కూర్చోబెట్టడం

క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో జియోరెఫరెన్సర్ తెరిచి స్కాన్ చేసిన మ్యాపుని ఎక్కించి, మ్యాపు మీద ఒక చుక్క, అదే చుక్క ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం మీద, ఇలా జతలు పెట్టుకుంటూ పోవాలి. ఎనిమిది, పది జతలు పెట్టండి, అవి షీటు అంతటా పరుచుకుని ఉండాలి, అన్నీ ఒక మూలే పెడితే మిగతా మ్యాపు వంకరపోతుంది.

ఏ చుక్కలు పెట్టాలన్నదే ఇక్కడ అసలు పని. పాత గుడి, చర్చి, రైలు వంతెన, కాలవ లాకు, రోడ్ల కూడలి మంచివి. గోదావరి డెల్టాలో లాకులు వరం, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరం నుంచీ కాలవల వ్యవస్థ ఉంది కాబట్టి పాత మ్యాపులోనూ కొత్త చిత్రంలోనూ అవి కదలకుండా కనిపిస్తాయి. పెట్టకూడనివి: తీరం మూల, నది మలుపు, ఇసుక మేట కొస. హోప్ ఐలాండ్ చూడండి, కాకినాడ అఖాతానికి అడ్డంగా ఉన్న ఆ పొడుగాటి ఇసుక మేట గత రెండొందల ఏళ్లలో పెరుగుతూ వచ్చింది. దాని కొసని స్థిరమైన చుక్క అనుకుని బిగించారంటే మీరు కొలవాల్సిన మార్పునే చెరిపేసినట్టు.

పాత టోపోషీట్ల అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ అనే పాత కొలమానం మీద ఉంటాయి, జీపీఎస్, గూగుల్ ఎర్త్ డబ్ల్యూజీఎస్84 మీద నడుస్తాయి. షీటు మూలల్లోని అంకెలని నేరుగా కొత్త కొలమానం అనుకుని ఎక్కిస్తే మన ప్రాంతంలో మ్యాపు మొత్తం వంద మీటర్ల పైనే పక్కకి జరుగుతుంది. అప్పుడు కాలవకి ఒక ఒడ్డున అడవి పోయినట్టూ ఇంకో ఒడ్డున కొత్తగా మొలిచినట్టూ వస్తుంది. మూలల అంకెలు వాడితే ముందు ఎవరెస్ట్ మీద నడిచే కలియాన్‌పూర్ 1975 అని ఎంచుకుని, ఆ తర్వాత మీటర్లలో కొలిచే 44ఎన్ యూటీఎం లోకి మార్చండి, చివరికి రెండు మూడు లాకుల దగ్గర సరిపోయిందో లేదో కంటితో చూడండి. రబ్బరు షీటులా సాగదీసి అన్ని చుక్కలనీ బలవంతంగా కలిపే పద్ధతులు కూడా అందులో ఉన్నాయి, స్కాన్ బాగా ముడతలు పడి ఉంటే తప్ప వాటి జోలికి పోకండి, తప్పు చుక్కని కూడా అవి దాచేస్తాయి.

కొత్త చిత్రాలు: నెల, తిథి రెండూ చూడాలి

ల్యాండ్‌శాట్ 1972 నుంచి ఉంది, 30 మీటర్ల స్పష్టతతో మనకి పనికొచ్చే వరస 1984 నుంచి. 2008 నుంచి మొత్తం ఉచితం. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 2015 నుంచి, 10 మీటర్లు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) నడిపే భువన్ వెబ్‌సైటులో 2005-06, 2011-12, 2015-16 నాటి భూవినియోగ మ్యాపులు 1:50,000 స్కేలులో చూడొచ్చు. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత చిత్రాలని వెనక్కి జరుపుతూ చూడటం అందరికీ తెలిసిందే, ముందు అదే చేయండి, పది నిమిషాల్లో ఎక్కడ మార్పు ఉందో తెలిసిపోతుంది. గ్లోబల్ ఫారెస్ట్ వాచ్‌లో 2000 తర్వాత చెట్లు పోయిన చోట్లు గులాబీ రంగులో వస్తాయి, కానీ అక్కడ జామాయిల్, సుబాబుల్ కొట్టినా అదే రంగు. కోతకొచ్చిన తోటని అడవి నరికేశారని చెప్పకూడదు కదా.

నల్లమల లాంటి ఆకురాల్చే అడవిలో మార్చి, ఏప్రిల్ చిత్రం చూస్తే కొండలన్నీ బోడిగా కనిపిస్తాయి. అదే చోటు నవంబర్‌లో పచ్చగా ఉంటుంది. కాబట్టి రెండు సంవత్సరాలకీ ఒకే నెల తీసుకోండి, వానలు అయ్యాక అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య అయితే మంచిది, ఫారెస్ట్ సర్వే వాళ్లు కూడా ఆ కాలం చిత్రాలకే మొగ్గు చూపుతారు.

మడ అడవికి నెలతో పాటు ఆటుపోట్లు కూడా. పోటు మీద ఉన్నప్పుడు తీసిన చిత్రంలో అంచున ఉన్న చిన్న మొక్కలు మునిగి నీళ్లుగా కనిపిస్తాయి, ఆటు మీద తీసిన చిత్రంలో అదే చోట బురద, పచ్చదనం తేలతాయి. దీనికి పంచాంగం బాగా పనికొస్తుంది. ల్యాండ్‌శాట్ మన మీదుగా దాదాపు ఉదయం పది ప్రాంతంలోనే వెళ్తుంది. కాకినాడ తీరంలో రోజుకి రెండు పోట్లు వస్తాయి, అవి ఏ గంటకి వస్తాయన్నది తిథిని బట్టి ఉంటుంది. అంటే రెండు చిత్రాలూ ఒకే తిథికి దగ్గరగా ఉంటే, లేదా ఒకటి అమావాస్యకి ఇంకోటి పౌర్ణమికి ఉంటే, నీటిమట్టం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. చిత్రం తేదీ పక్కన తిథి రాసుకోవడం అలవాటు చేసుకోండి. వరద రోజులు, తుపాను రోజులు మాత్రం పక్కన పెట్టేయాలి.

మామూలు రంగుల్లో మడ చెట్లనీ కొబ్బరి తోటనీ విడదీయడం కష్టం. పరారుణ కాంతి ఉన్న బ్యాండుని ఎరుపుగా చూపించే కూర్పు పెట్టండి, సెంటినెల్‌లో 8, 4, 3, ల్యాండ్‌శాట్ 8లో 5, 4, 3. మడ అడవి ముదురు ఎరుపులో, కాలవలు నల్లటి తీగల్లా, రొయ్యల చెరువులు గీత గీసినట్టున్న నల్లటి చతురస్రాలుగా వస్తాయి. ఇసుక మీద ఎరుపు వరసగా, తిన్నగా ఉంటే అది చాలావరకు సరుగుడు తోట.

గీయడం, లెక్క తీయడం

ఇప్పుడు ప్రతి కాలానికీ ఒక పొర పెట్టి చేత్తో గీయండి. ఆటోమేటిక్ వర్గీకరణ జోలికి మొదట్లోనే పోవద్దు, పది కిలోమీటర్ల చదరానికి చేతి గీతే నమ్మకం. కోరంగికి నేనైతే దట్టమైన మడ, పలచని మడ, బురద లేక ఉప్పు నేల, చెరువులు, సరుగుడు, నీళ్లు అని ఆరు రకాలు పెడతాను. పాత మ్యాపులో దట్టం, పలచన తేడా లేకపోతే కొత్తదాంట్లో కూడా రెండూ కలిపేయండి, పోలిక ఎప్పుడూ ముతకగా ఉన్నదాని స్థాయిలోనే జరగాలి.

రెండు పొరలనీ క్యూజీఐఎస్‌లోని యూనియన్ అనే పనిముట్టుతో ఒకదాని మీద ఒకటి కలిపితే ఏది ఏదిగా మారిందో పట్టిక వస్తుంది. మొత్తం అడవి తగ్గిందా పెరిగిందా అన్న ఒక్క అంకె కంటే ఈ పట్టిక చాలా విలువైనది. మడ నుంచి చెరువు అయిన ముక్క, మడ నుంచి సముద్రం అయిన ముక్క, బురద నుంచి మడ అయిన ముక్క మూడూ వేరు కథలు, వాటికి కారణాలు వేరు, బాధ్యులు వేరు. సముద్రం వైపు నష్టానికి ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతున్న ఒండ్రుమట్టి ఒక కారణమని గోదావరి డెల్టా తీరం మీద పరిశోధనలు చూపించాయి. లాభం వైపు చూస్తే, 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ అటవీశాఖతో, ఊరివాళ్లతో కలిసి పాడైన మడ నేలల్లో చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వించి పోటు నీళ్లు మళ్లీ లోపలికి వచ్చేలా చేసింది. మంచి స్పష్టత ఉన్న చిత్రంలో ఆ ముళ్లని, వాటి చుట్టూ చిక్కబడిన పచ్చదనాన్ని వెతికి చూడండి, సంతోషం వేస్తుంది.

గీతల మధ్య సన్నటి చీలికలు చాలా వస్తాయి. 1:50,000 షీటు మీద ఒక మిల్లీమీటరు 50 మీటర్లు, 1:2,50,000 మీద 250 మీటర్లు. మీ పాత మ్యాపు ఎంత స్పష్టంగా చూపగలదో అంతకంటే సన్నగా ఉన్న చీలికని మార్పుగా లెక్కించకండి. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేల పూడ్చిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) దాకా వెళ్లింది. అలాంటి మార్పు సెంటినెల్ చిత్రాల్లో నెలల తేడాతో దొరుకుతుంది, యూ502 స్కేలులో మాత్రం అంత జాగా చిన్న మచ్చ కంటే ఎక్కువ ఉండదు.

కారణం రాసేటప్పుడు తేదీలు గుర్తుంచుకోండి. 1996 నవంబర్ 6న తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది, అదే ఏడాది డిసెంబర్‌లో తీరంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1990, 2000 చిత్రాలు రెండే పెట్టుకుంటే వీటన్నిటి ప్రభావం ఒకే ముద్దగా కనిపిస్తుంది. మధ్యలో 1995, 1997 చిత్రాలు కూడా పెడితే ఏది తుపాను, ఏది తవ్వకం అన్నది కొంచెం విడిపోతుంది.

తర్వాత అక్కడికి వెళ్లండి

కంప్యూటర్ మీద అనుమానం ఉన్న ముక్కలని ఫోన్‌లో పిన్నులుగా పెట్టుకుని పడవ మాట్లాడుకుని వెళ్లండి, అభయారణ్యంలోకి అయితే అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఆ కాలవల్లో వేటకెళ్లే పెద్దవాళ్లకి మ్యాపు అచ్చేసి చూపించండి. ఇక్కడ చెట్లు ఎప్పుడు పోయాయి అని కాకుండా, ఈ కాలవ మీ చిన్నప్పుడు ఎక్కడిదాకా ఉండేది, వంటచెరకు ఏ తిప్ప నుంచి తెచ్చేవాళ్లు, ఏ తుపాను తర్వాత దారి మూసుకుపోయింది అని అడగండి. వాళ్లు సంవత్సరాలు చెప్పరు, తుపాన్లు, వరదలు, పెళ్లిళ్లు చెబుతారు, 1986 వరదకి ముందా తర్వాతా అంటే వెంటనే చెబుతారు.

పోడు ఉన్న కొండ ప్రాంతంలో అయితే ఈ పని మీద ఇంకా ఎక్కువ బాధ్యత ఉంది. అటవీ హక్కుల చట్టంలో 2005 డిసెంబర్ 13 ముందు నుంచి సాగులో ఉందా అన్నది కీలకం, కాబట్టి 2005 నాటి చిత్రాన్ని చూపించి పొలం లేదని కొట్టేసే అవకాశం ఉంది. పోడు నేలని కొన్నేళ్లు బీడుగా వదిలేస్తారు, ఆ ఏడు తీసిన చిత్రంలో అది పొదగానే కనిపిస్తుంది. అందుకే 2012లో సవరించిన నియమాల్లో ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలో నిలవకూడదని స్పష్టంగా రాశారు. మీ మ్యాపుని ఎవరికైనా ఇచ్చేముందు 2000 నుంచి 2008 దాకా ప్రతి ఏడాది చిత్రమూ చూడండి, బీడు పడ్డ ఏళ్లని విడిగా గుర్తు పెట్టండి, గ్రామసభలో చూపించి వాళ్లు చెప్పింది పక్కనే రాయండి.

చివరికి ఇచ్చే ఫైలులో నాలుగు విషయాలు మ్యాపు మీదే కనిపించాలి: పాత ఆధారం సర్వే సంవత్సరం, కొత్త చిత్రం తేదీ, మీరు అడవి అని దేన్ని లెక్కపెట్టారు, ఎన్ని మీటర్ల వరకు తప్పు ఉండొచ్చు. మీరు గీసిన పొరలని కూడా జతచేయండి, అప్పుడు ఇంకొకరు వచ్చే ఏడాది అదే గీతల మీద పని కొనసాగించగలుగుతారు.